పదకొండు వేల మందిలో ఒక్కరూ తేనె అడగలేదు

కొంచెం పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

పేజీకి ఫాలోవర్లు ఎట్లా పెంచాలని ఈ మధ్య మన గ్రూపులో నలుగురైదుగురు అడిగారు. పాడేరు వైపు నుంచి ఒక తమ్ముడు పసుపు, మిరియాలు అమ్మడానికి పేజీ పెట్టాడట. మూడు నెలలైనా రెండు వందలు దాటలేదట. "పైసలిస్తే వారంలో పది వేలు చేస్తామంటున్నారు, ఇవ్వమంటారా" అని అడిగాడు. తమ్ముడూ, ఇవ్వకు. మేం ఇచ్చి చూశాం, అందుకే చెప్తున్నాం.

మేం లాలాగూడ రూములో నలుగురం. ఇద్దరం కోయ, ఒకరు గోండు, ఒకరు లంబాడా. ఊళ్ళల్లో మన పెద్దోళ్ళ మధ్య ఎన్ని గొడవలున్నా మా రూములో కూర మాత్రం ఒకటే గిన్నెలో వండుతాం. నిజాం రైల్వే 1893లో పెట్టిన క్యారేజీ వర్క్‌షాపుకి దగ్గర్లోనే మా సందు. తార్నాక మీదుగా ఉస్మానియాకి పోవచ్చు, అద్దె కూడా మాకు అందుతుంది, అందుకే ఇక్కడ ఉంటున్నాం.

ఉట్నూరు వైపు సీనియర్ అన్న ఒకాయన చదువైపోయాక ఉద్యోగానికి పోకుండా చిన్న కంపెనీ పెట్టాడు. అడవి తేనె, ఇప్పపువ్వు లడ్డూలు, కుంకుడుకాయ పొడి అమ్ముతాడు. ఊళ్ళో ఆడవాళ్ళు సంఘంగా కలిసి లడ్డూలు చుడతారు, తేనె మన మామలు, బాబాయిలు తెస్తారు. సరుకు ఆర్టీసీ కార్గోలో జేబీఎస్‌కి వస్తుంది, మేం పోయి తెచ్చుకుని మంచాల కింద పెట్టుకుంటాం. పేజీ నడపడం, ఆర్డర్లు పంపడం మా పని. నెలకి ఇంతని ఇస్తానన్నాడు అన్న. మెస్సు బిల్లుకి సరిపోతుందని సంబరంగా ఒప్పుకున్నాం.

మొదటి రెండు నెలల్లో మూడు వందల ఇరవై మంది ఫాలోవర్లు వచ్చారు. అందులో సగం మా క్లాసు వాళ్ళే. "మీకు పైసలిచ్చేది దీనికా" అని అన్న నోరు తెరిచి అనలేదు గానీ, ఫోన్లో ఆయన ఊరుకున్న తీరు మాకు అర్థమైంది. అప్పుడు ఒకడు దొరికాడు. మూడు వేలిస్తే పదివేల మంది అన్నాడు. అన్నకి చెప్పకుండా మా మొదటి నెల జీతంలోంచి కట్టాం. పడుకుని లేచేసరికి నాలుగు వేలు, వారం తిరిగేసరికి పదకొండు వేలు. అన్న ఫోన్ చేసి "అరే, ఏం చేశార్రా" అని ఒకటే సంబరం. పాపం ఆయన ఆ నంబరు నమ్మి ఊళ్ళో ఇంకో యాభై సీసాల తేనె ఎత్తాడు. సంఘం వాళ్ళకి సగం పైసలిచ్చి, మిగతాది అమ్మాక ఇస్తానన్నాడు.

అమ్ముడుపోతేగా! లడ్డూ వీడియో పెడితే ఆరు లైకులు. ఆ పదకొండు వేల మంది పేర్లు చూస్తే తలా తోకా లేదు. అక్షరాలు, అంకెలు కలిపిన పేర్లు, ఫొటో ఉండదు, ఏ దేశమో తెలియదు. ఇంకో నష్టం తర్వాత తెలిసింది. మనం ఏదైనా పెట్టగానే ఇన్‌స్టా దాన్ని ముందు కొంతమందికి చూపించి, వాళ్ళు చూస్తున్నారా, మాట్లాడుతున్నారా అని గమనించి అప్పుడు ఇంకొందరి ముందుకు తోస్తుంది. మన వాళ్ళంతా బొమ్మలైతే ఆ మొదటి అడుగే పడదు. అంటే ఉన్న మూడు వందల ఇరవై నిజం మనుషులకి కూడా మా పోస్టులు చేరకుండా మేమే అడ్డం పడ్డాం, అదీ పైసలిచ్చి మరీ. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అదన్నమాట.

ఇది మన ఒక్కరి పిచ్చి కాదు. అమెరికాలో డెవుమి అనే కంపెనీ ఇట్లాంటి దొంగ ఫాలోవర్లని పెద్ద పెద్దోళ్ళకే అమ్మింది. 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ దాని గుట్టు బయటపెట్టింది, 2019లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. ఇన్‌స్టా వాళ్ళు కూడా 2014 డిసెంబరులో ఒక్కసారి ఊడ్చేస్తే పేరున్నవాళ్ళ పేజీల్లోనే లక్షలకి లక్షలు మాయమయ్యాయి. ఇవన్నీ మేం కట్టాక చదువుకున్నాం, కట్టకముందు కాదు.

అసలు సంగతి డిసెంబరులో జరిగింది. మల్కాజ్‌గిరి నుంచి ఒక మేడమ్ సీసా ఫొటో పెట్టి, "తేనె అడుగున చక్కెర పేరుకుంది, అడవి పేరు చెప్పి చక్కెర పాకం అమ్ముతున్నారు" అని కామెంటు రాసింది. చూడగానే మా గుండెలు జారాయి. గొడవెందుకని కామెంటు తీసేశాం. పావుగంటలో మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసేశాం. మూడోసారి ఆమెను బ్లాక్ చేశాం.

ఆ సాయంత్రం మా సందు చివర ఉండే పెద్దాయన రూముకి వచ్చాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు ఆసిఫాబాద్ రోడ్డు, సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్లలో డ్యూటీ చేశాడట, అందుకే మాతో మాటలు కలిపేవాడు, ఒకసారి తేనె కూడా కొన్నాడు. ఆ పదకొండు వేల మందిలో నిజం మనిషి ఆయన. వస్తూనే, "ఏం బాబూ, చలికి తేనె గడ్డకడుతుందని మీకు తెల్వదా? ప్లాట్‌ఫారం మీద అమ్మే గోండు ముసలాయన నాకు ఎన్నడో చెప్పిండు" అన్నాడు. తెలుసన్నాం. "మరి ఆ మాట ఆమెకు చెప్పక ఆమెనే తీసేసిండ్రు?" అన్నాడు. మేం ఏం మాట్లాడలేదు. టీ పెట్టి ఇస్తే తాగి వెళ్ళిపోయాడు.

నిజమే, మాకు తెలుసు. తేనెలో గ్లూకోజు ఉంటుంది, చలికి అది పలుకులుగా పేరుకుంటుంది. సీసాని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే కరుగుతుంది. మరగబెడితేనే చెడుతుంది. ఇవి మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతులే. అయినా పట్నం మేడమ్ దబాయించేసరికి నిజం మా దగ్గరున్నా దొంగల్లా తలుపేసుకున్నాం. మనలో చాలామందికి ఈ జబ్బుంది కదా. క్లాసులోనూ అంతే, జవాబు తెలిసినా చెయ్యి లేవదు.

మరుసటి రోజు బ్లాక్ తీసి, తప్పైందని మెసేజ్ పెట్టి, కొత్త సీసా ఒకటి తీసుకుని ఇద్దరం మల్కాజ్‌గిరి పోయాం. మేడమ్ ముందు గుమ్మంలోనే నిలబెట్టింది. "నీళ్ళు వేడి చేస్తారా మేడమ్, మీ సీసానే పెట్టి చూద్దాం" అన్నాం. చూస్తుండగానే పలుకులు కరిగాయి. అప్పుడు కూర్చోమంది. ఎవరు తీస్తారు, చెట్టెక్కితే తేనెటీగలు కుట్టవా, పైసలు ఎవరికి పోతాయి అని అడిగింది. మాలో గోండు పిల్లవాడు వాళ్ళ మామకే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. మామ గోండిలో చెప్తుంటే వీడు తెలుగులో చెప్పాడు. సాయంత్రం పొగ పెట్టడం, తుట్టె మొత్తం కోయకుండా పిల్లలున్న భాగం వదిలేయడం, ఏ పువ్వు కాలంలో తేనె ఏ రంగులో ఉంటుందో అన్నీ. చివర్లో మామ "అమ్మ బువ్వ తిన్నదా అడుగు" అన్నాడు. ఆ మాటకి మేడమ్ నవ్వింది.

రాత్రి ఆమె తన పేజీలో అదంతా రాసింది. తన మొదటి కామెంటు కూడా దాచకుండా పెట్టింది. ఒక్క రాత్రిలో అరవై మూడు మంది మా పేజీకి వచ్చారు. పదకొండు వేల ముందు అరవై మూడు ఏం లెక్క అంటారేమో. అందులో తొమ్మిది మంది ఆర్డరు పెట్టారు!

ఆ వారమే అన్నకి ఫోన్ చేసి దొంగ ఫాలోవర్ల సంగతి ఒప్పుకున్నాం. తిట్టాడు. తిట్టాల్సిందే, ఆయన యాభై సీసాలు ఎత్తింది మా అబద్ధం నమ్మే. తర్వాత నలుగురం కూర్చుని ఆ బొమ్మ ఫాలోవర్లని ఒక్కొక్కరినీ చేత్తో తీసేయడం మొదలుపెట్టాం. మస్తు రోజులు పట్టింది. పేజీ ఐదు వందల లోపుకి పడిపోయింది. ఆ నంబరు చూసి క్లాసులో నవ్వినవాళ్ళున్నారు.

అప్పటి నుంచి చేస్తున్నదాంట్లో కొత్త విద్య ఏం లేదు. మన సంతలో చేసేదే. సంతలో అవ్వ ముందు ధర చెప్తుందా? ఏ ఊరు, ఎవరి పిల్లవు, వానలు పడ్డాయా అని అడిగాకే కదా చింతపండు తూకం వేసేది. మేమూ అంతే. కామెంటు పెట్టిన ప్రతి మనిషికీ పేరు పెట్టి జవాబు రాస్తాం. "థాంక్యూ" అని ఒకటే మాట అందరికీ అతికించం. కొన్నవాళ్ళని పది రోజులకి ఎట్లా ఉందని అడుగుతాం. బాగాలేదంటే ఆ మాట సంఘం అక్కలకి చేరవేస్తాం. ఒకసారి లడ్డూలో బెల్లం ఎక్కువైందని ముగ్గురు చెప్తే అక్కలు నిజంగానే తగ్గించారు. ఆ ముగ్గురికీ అది చెప్పాం. తమ మాట ఉట్నూరు దాకా పోయి లడ్డూ మారిందని వాళ్ళకి భలే సంతోషం. వాళ్ళే చుట్టాలని తీసుకొచ్చారు.

"ఇది జీసీసీ వాళ్ళ తేనేనా?" అని అడిగేవాళ్ళు మస్తు మంది. అవునంటే ఆ క్షణం అమ్ముడుపోతుంది. గిరిజన సహకార సంస్థ విశాఖలో 1956లో పుట్టింది, దాని పేరుకి అంత నమ్మకం. కాదు, మేం వేరే చిన్నవాళ్ళం అని రాస్తాం. కొందరు వెళ్ళిపోతారు, పోనీ. "అరకు కాఫీ పారిస్‌లో అమ్ముతున్నారు, మీరెప్పుడు" అని ఒకాయన వెక్కిరించాడు. అక్కడ 2017లో దుకాణం తెరిచారు, అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మేం రాసిందేంటంటే, "సార్, ముందు మెట్టుగూడ దాకా పోనీయండి." ఆయన ఇప్పుడు మా రెగ్యులర్ కస్టమరు.

కష్టమైంది ఇప్పపువ్వుతోనే. లడ్డూ వీడియో పెడితే చాలు, "తింటే ఎక్కుతుందా", "సారా సీసా ఎంత" అని నవ్వే బొమ్మలు. అడవోళ్ళ తిండి అన్నవాడూ ఉన్నాడు. ఆ రోజు మాలో ఒకడికి తిక్కరేగి నోటికొచ్చింది రాశాడు. వాడు తిట్టడం, వీడు తిట్టడం, రెండు వందల కామెంట్లు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ వీడియో చూసినంత మంది మా పేజీలో ఇంకేదీ చూడలేదు. ఒక్క ఆర్డరు రాలేదు. ఊళ్ళో లడ్డూ చుట్టే అక్క కూతురు ఆ కామెంట్లన్నీ తల్లికి చదివి వినిపించిందట. అక్క రెండు రోజులు పనికి రాలేదు.

గొడవతో పేజీ పెరుగుతుందని ఎవరైనా చెప్తే ఆ అక్కని గుర్తు చేసుకుంటాం. ఇప్పుడు మా పద్ధతి వేరు. మొదటిసారి అడిగినవాడు వెటకారంగా అడిగినా ప్రశ్నలాగే తీసుకుని చెప్తాం. పువ్వు పులియబెడితేనే సారా, ఎండబెట్టి వేయించి నువ్వులు, బెల్లం కలిపితే తిండి, ద్రాక్షలాగే అని. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున చెట్టు కింద రాలిన పువ్వు ఏరే వీడియో పంపుతాం. సగం మంది "ఓహో, తెల్వదు బ్రో" అంటారు. మన జాతిని తిట్టేవాడికి మాత్రం జవాబు లేదు, బ్లాకే. మేడమ్‌ని బ్లాక్ చేసినదానికీ దీనికీ తేడా ఉంది.

జవాబివ్వడం ఒక్కటే సరిపోదని కూడా చెప్పాలి. 2021 సెప్టెంబరులో సజ్జనార్ గారు ఆర్టీసీ ఎండీగా వచ్చాక ప్రయాణికుల ట్వీట్లకి తనే జవాబులివ్వడం అందరం చూశాం. 2022 మొదట్లో ఒక అమ్మాయి అర్ధరాత్రి, రాత్రి బస్సులు ఆడవాళ్ళ కోసం పెట్రోల్ బంకుల దగ్గర ఆపాలని రాస్తే వెంటనే స్పందించారు. జనం అంతగా మెచ్చుకుంది ఆ వేగాన్ని ఒక్కదాన్నే కాదు, అధికారులకి చెప్పానన్న మాటని. బస్సు ఆగకపోతే ఆ ట్వీటుకి విలువేముంది? మా తేనెలో నిజంగా పాకం కలిసి ఉంటే మల్కాజ్‌గిరిలో మేం ఎంత తియ్యగా మాట్లాడినా దండగే.

ఇప్పుడు పేజీలో రెండు వేల నూట చిల్లర ఉన్నారు. ఏడాదిన్నర పట్టింది. యాభై సీసాలు అమ్ముడుపోయాయి, సంఘం బాకీ తీరింది. అయితే చేత్తో రాసే జవాబులకి రోజుకి రెండు గంటలు పోతున్నాయి, మాలో ఇద్దరికి గ్రూప్స్ ప్రిపరేషన్. ఆటోమేటిక్ జవాబులు పెట్టేద్దామని అన్న అంటున్నాడు. ధర, డెలివరీ లాంటి వాటికి పెట్టాం కూడా. మిగతా వాటి మీద ఇంకా వాదన నడుస్తోంది. పాడేరు తమ్ముడూ, నీ రెండు వందల్లో నీతో ఒక్కసారైనా మాట్లాడినవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టి ఇక్కడ రాయి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

ఇది రాస్తుంటే రాత్రి పదకొండు దాటింది. వరంగల్ నుంచి ఒకమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. మనవడికి పల్లీలు పడవట. లడ్డూలో పల్లీ లేదని లేబుల్ మీద చదివింది గానీ, అదే మూకుట్లో పల్లీలు కూడా వేయిస్తారా అని అడిగింది. మాకు తెలియదు. పొద్దున అక్క సిగ్నల్ దొరికే గట్టు మీదికి వస్తుంది, అడిగి చెప్తాం, అప్పటిదాకా బాబుకి పెట్టకమ్మా అని రాశాం.