కిరండూల్ దారిలో విల్‌ఫ్రిడ్

రైల్లోంచి, జగ్‌దల్‌పూర్ దాటాక

చి.సౌ. చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు.

మాంచెస్టర్‌లో నీ మనవడి స్నేహితుడు విల్‌ఫ్రిడ్ అన్నావు, ఆ పేరు కథ అడిగావు. పాత ఇంగ్లీషులో ‘విల్’ కోరిక, ‘ఫ్రిథ్’ శాంతి. ఏడో శతాబ్దంలో నార్తంబ్రియాలో ఆ పేరుతో ఒక మతగురువు ఉండేవాడు. 664లో విట్బీ సభలో రోమ్ పద్ధతి తరఫున వాదించి గెలిచాడు, తర్వాత బిషప్ అయ్యాడు. రాజులతో పడక దేశం విడిచి పోవలసి వచ్చింది కూడా. నార్మన్లు వచ్చాక ఆ పేరు మరుగున పడింది. 1819లో వాల్టర్ స్కాట్ ‘ఐవన్‌హో’ నవలలో నాయకుడికి అదే పేరు పెట్టాడు. ఆ శతాబ్దంలోనే మళ్లీ ఇళ్లలో వినిపించసాగింది.

కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1893లో పుట్టాడు. యుద్ధం ఆగడానికి వారం ముందు, 1918 నవంబరు 4న, పోరులోనే పోయాడు. పాతికేళ్లు! ఏం ఆశపడి ఆ పేరు పెట్టుకున్నారో తల్లిదండ్రులు.

కిరండూల్

ఇక్కడ అన్నిటిమీదా ఎర్ర దుమ్మే. బైలడిల్లా ఇనుప ఖనిజం వ్యాగన్లలో మన విశాఖకు దిగుతుంది. గనుల పుణ్యమా అని బజార్లో తెలుగు వినిపిస్తోంది. 1968లో ఇక్కడ తవ్వకం మొదలు కాకముందు, రైలు లేని రోజుల్లో, బస్తర్ సంస్థానానికి పాలనాధికారిగా వచ్చినవాడు విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్. 1927 నుంచి 1931 దాకా ఉన్నాడు. 1938లో ఆయన పుస్తకం ‘ద మరియా గోండ్స్ ఆఫ్ బస్తర్’ అచ్చయింది. దంతెవాడ వైపు గోండు మగవాళ్లు నాట్యంలో అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుంటారు కనుక వాళ్లను ‘బైసన్ హార్న్ మరియా’ అన్నాడు. వాళ్లు మాత్రం తమను కోయితోర్ అనుకుంటారు, మన భద్రాచలం కోయలకు చుట్టాలే. నాకు వాళ్ల మాటే ఇష్టం.

అయినా గ్రిగ్సన్ మీద నాకు గౌరవం తగ్గలేదు. పెత్తనానికి వచ్చిన దొర, వీళ్ల పెళ్లిళ్లూ చావులూ పోడు సేద్యమూ అంత ఓపికగా రాసిపెట్టడం చిన్న విషయమా? 1940ల్లో హైదరాబాదు ప్రభుత్వంలో రెవెన్యూ బాధ్యత తీసుకున్నాడు. గోండు నాయకుడు కుమ్రం భీం మరణించిన కొన్నేళ్లకే, ఆదిలాబాద్ గోండులకు భూములు దక్కాలని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పాటుపడుతుంటే అండగా నిలిచాడు. శాంతి కోరడమంటే నా లెక్కలో అదే: దున్నుకునేవాడి చేతికి పట్టా అందించడం.

1948లో విమాన ప్రమాదంలో చనిపోయాడు. కవి జెఫ్రీ గ్రిగ్సన్ ఆయన తమ్ముడే.

మనవడు ఫోన్ చేస్తే ఐవన్‌హోతో పాటు ఈయన గురించీ చెప్పు. రేపు దంతెవాడ వెళ్తున్నాను, శంఖిని, డంకిని కలిసేచోట దంతేశ్వరి గుడి చూడాలి. బావగారికి నమస్కారాలు.

అన్నయ్య