నల్లమలలో ఆగిన బండి

కారు కొన్న ఆరేళ్ళలో నేను దానికి చేయించని ఉపచారం లేదు. పదివేల కిలోమీటర్లకోసారి కంపెనీవారి సర్వీసు, పుస్తకంలో ఒక ముద్ర. ఆ ముద్రలు చూసుకుని పొందిన తృప్తి, మా అబ్బాయి మార్కులు చూసినప్పుడైనా పొందలేదు. అటువంటి కారు 2023 కార్తికంలో మమ్మల్ని నల్లమల నడుమ దించేసింది.

శ్రీశైలంలో దీపం పెట్టాలని మా అమ్మ మొక్కు. మధ్యాహ్నం హైదరాబాదులో బయలుదేరి, డిండి జలాశయం దగ్గర టీ తాగి, మన్ననూరు చేరాం. అక్కడి చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. ఘాటు ఎక్కుతున్నకొద్దీ గాలి చల్లబడింది. రెండువైపులా టేకులు, వెదుళ్ళు. రోడ్డు పక్క పిట్టగోడల మీద కోతుల కొలువు.

ఫరహాబాద్ మలుపు దాటిన కాసేపటికి, మీటర్ల మధ్య ఎర్రటి నూనెగిండి బొమ్మ వెలిగింది.

"ఏమిటండీ అది?" అంది మా ఆవిడ.

"సెన్సారు తెగులై ఉంటుంది. సర్వీసు చేయించి పట్టుమని పదిహేను రోజులు కాలేదు," అన్నాను.

అడవిలో ఆగడంకన్నా వటవర్లపల్లి చేరడం మేలని నాలుగైదు కిలోమీటర్లు నడిపాను. ముందు టకటకమని చప్పుడు, తర్వాత ఇనుము ఇనుమును ఒరుసుకున్న కీచు, ఆపైన నిశ్శబ్దం. ఊరు కనబడుతూండగా ఇంజను పట్టేసింది.

పొద్దు వాలుతోంది. ఫోనులో సిగ్నలు లేదు. శ్రీశైలం బస్సుకు చెయ్యెత్తితే ఆ డ్రైవరు, పుణ్యాత్ముడు, ఆపాడు. అంత రద్దీలోనూ ఎవరో లేచి అమ్మకు చోటిచ్చారు. ఆడవాళ్ళిద్దరినీ పంపి, కారుకు కాపలాగా నేను ఉండిపోయాను.

"తొమ్మిదింటికి గేటు బందైతది సారూ. ఇగ పొద్దుగాల దాక ఒక్క బండి రాదు," అని టీకొట్టతను అరుగుమీద చాప వేశాడు. ఆ మాటే నిజమైంది. చివరి లారీ దీపాలు మలుపులో మాయమయ్యాక, కీచురాళ్ళ రొద తప్ప మరేమీ లేదు. డెబ్బై దాటిన అమ్మ ఎలా చేరిందో, సత్రంలో గది దొరికిందో లేదో! ఆ రాత్రి అడవి అందమేదీ నా కంటికి ఆనలేదు.

ఉదయం ఒక వ్యాను వెనక తాడు కట్టించి అచ్చంపేట చేర్చాను. మెకానిక్కు కింది ఆయిలు చాంబరు విప్పి, నూనె పీల్చే జల్లెడ నా చేతిలో పెట్టాడు. కన్నాలన్నీ నల్లటి రబ్బరు తునకలతో పూడిపోయాయి.

వాల్వులను వేళకు తెరిచి మూసే బెల్టు పూర్వం నూనె తగలకుండా బయట తిరిగేది. లేకుంటే చెయిను ఉండేది. రాపిడి, చప్పుడు తగ్గుతాయని కొన్ని కొత్త ఇంజన్లలో దాన్ని నూనెలోనే తిప్పుతున్నారు. చిన్న చిన్న దూరాలు తిప్పే కారులో ఇంజను పూర్తిగా వేడెక్కదు. కాలని పెట్రోలు కొంత నూనెలోకి దిగుతుంది. రబ్బరు ఉబ్బి, రాలుతుంది. నేను రోజూ తిరిగేది ఐదు కిలోమీటర్లే.

"తప్పు నాదేనా?" అన్నాను.

"బెల్టు పోవుడు మీ తప్పు కాదు సార్. లైటు పడంగనే ఆపుంటే మాత్రం బేరింగులు దక్కేవి," అన్నాడు.

వారంటీ ఎప్పుడో ముగిసింది. కొత్త ఇంజనుకు చెప్పిన ధర, కారు విలువలో సగానికి పైమాటే.

సాయంత్రం బస్సులో దోమలపెంట దాటాక కృష్ణ లోయ తెరుచుకుంది. పన్నెండు గేట్ల ఆనకట్టను చూస్తూనే కొండ ఎక్కాను. అమ్మ గుడి ముందు ప్రమిదతో కూర్చుని ఉంది. నేను వచ్చేదాకా వెలిగించనని పట్టుబట్టిందట.

సంగతంతా విని, "దీపం పెడదామని బయలుదేరి, ఎదుట వెలిగిన దీపానికి ఆగకపోతే ఎట్లారా?" అంది.

రాత్రి సత్రంలో కారు పుస్తకం తెరిచాను. ఆ ఎర్రగుర్తు కనబడితే తక్షణం ఇంజను ఆపమనీ, చిన్న దూరాలు తిరిగే కారుకు నూనె ముందుగానే మార్చమనీ స్పష్టంగా ఉంది. ఆరేళ్ళలో నేను చూసుకున్నవి ముద్రలున్న పేజీలే.