జిందగీ భర్ లైసెన్స్

మన ఇళ్లల్లో పాతతరం వాళ్లకి రెండు పుట్టినరోజులుంటాయి. ఒకటి అమ్మీకి గుర్తున్నది. రెండోది బడిలో చేర్చిన రోజు హెడ్మాస్టరు రాసుకున్నది. అమ్మీ లెక్కలో తారీఖు ఉండదు, ‘రమ్జాన్ రెండో అష్రా, సహరీ వేళ’ అని ఉంటుంది. హెడ్మాస్టరు లెక్కలో తారీఖు తప్ప ఇంకేమీ ఉండదు. కానీ నౌకరీ, పింఛను, పాస్‌పోర్టు, అన్నీ ఆ కాగజ్ మీదే నడుస్తాయి.

మా దుల్హాభాయ్ పుట్టింది 1953 రమ్జాన్‌లో. అంటే మే నెలాఖరు. బడి సర్టిఫికెట్లో మాత్రం 15-8-1953. స్వాతంత్ర్య దినం గుర్తుండిపోతుందని హెడ్మాస్టరు అలా రాసేశాడట. ఆ తారీఖుతోనే సర్కారీ నౌకరీ చేసి, 2011 ఆగస్టులో 58 ఏళ్లకి రిటైరై, ఆపాని తీసుకుని కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లిపోయారు. నార్త్ కరోలినాలో క్యారీ అనే ఊరు. మన తెలుగువాళ్లు బాగానే ఉన్న చోటు.

అక్కడ ఆయనకి పట్టుకున్న షౌక్ చేపలు. దగ్గర్లో జోర్డాన్ లేక్ అని పెద్ద సరస్సు ఉంది. గాలం, మడత కుర్చీ, ఫ్లాస్కులో చాయ్. చేపకి జబీహా అక్కర్లేదు కాబట్టి ఇంటికి తెచ్చినా ఎవరికీ పేచీ లేదు. కానీ అక్కడ పదహారేళ్లు నిండినవాళ్లెవరైనా గాలం వెయ్యాలంటే లైసెన్స్ ఉండాలి. ఏడాదికోసారి కొనుక్కోవచ్చు, లేదంటే ఒక్కసారే జిందగీ మొత్తానికి తీసుకోవచ్చు. ఈ జిందగీ లైసెన్స్ ధర ఉమ్ర్‌ని బట్టి ఉంటుంది.

2014 వరకు లెక్క ఇలా ఉండేది. ఏడాది నిండని పసిబిడ్డకి వేటా, చేపలూ కలిపి 200 డాలర్లు. పన్నెండేళ్లు నిండని పిల్లలకి 350. ఆ పైన 500. 65 నిండిన బుజుర్గులకి మాత్రం 15 డాలర్లే. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి కానూన్ మారింది. బుజుర్గుల ఉమ్ర్ 65 నుంచి 70కి జరిగింది. ఏడాది లైసెన్సుల ధరలూ పెరిగాయి. ఇకముందు రుసుములు నిర్ణయించే అధికారం రాష్ట్ర వన్యప్రాణి కమిషన్‌కి వెళ్లింది. ఆ తర్వాత జిందగీ లైసెన్సుల ధరలు కూడా పెరుగుతూ వచ్చాయి.

పాతవాళ్లకి ఒక మినహాయింపు ఇచ్చారు. 1953 ఆగస్టు 1 నాటికి పుట్టినవాళ్లకి 65కే ఇస్తారు. ఆ తర్వాత పుట్టినవాళ్లు 70 దాకా ఆగాలి.

దుల్హాభాయ్ కాగజ్ మీద పద్నాలుగు రోజులు ఆలస్యంగా పుట్టారు. అమ్మీ లెక్కలో చూస్తే రెండు నెలలు ముందే ఉన్నారు. 2018లో చేతికి రావాల్సింది 2023కి పోయింది.

ఇంట్లో మష్వరాలు మొదలయ్యాయి. ఊర్లో ఎవరితోనైనా అఫిడవిట్ రాయించి తారీఖు మార్పిద్దామని ఒకరు. అది అబద్ధం కాదుగా, అసలు నిజం అదేగా అని ఇంకొకరు. దుల్హాభాయ్ ఒప్పుకోలేదు. ‘ఇదే తారీఖు నాకు మూడు నెలల జీతం ఎక్కువ తినిపించింది. మేలో దిగాల్సినవాణ్ణి ఆగస్టులో దిగాను. అప్పుడు అల్‌హందులిల్లా అని తీసుకుని, ఇప్పుడు పదిహేను డాలర్ల కోసం అమ్మీని గవాహీకి పిలుస్తానా?’ అన్నారు. ఐదేళ్లూ ఏటా లైసెన్స్ కొన్నారు. అంతా కలిపితే వంద డాలర్ల పైమాటే. 70 నిండాకే జిందగీ లైసెన్స్ తీసుకున్నారు.

ఆ రాష్ట్రం ఉమ్ర్ ఎందుకు పెంచిందో ఆలోచిస్తే సులువుగానే అర్థమవుతుంది. అమెరికాలో యుద్ధం తర్వాత పుట్టిన పెద్ద తరం 2011 నుంచి 65లోకి అడుగు పెట్టింది. ఇప్పుడు మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు. 65కి పదిహేను డాలర్లు కట్టి ఇరవయ్యేళ్లు చేపలు పడితే, చెరువులో చేపపిల్లలు వదిలే ఖర్చు ఎవరు భరించాలి? అక్కడ అడవినీ నీళ్లనీ చూసుకునే ఆమ్దనీలో పెద్ద భాగం వేటగాళ్లూ, గాలం వేసేవాళ్లూ కట్టే పైసలే. తుపాకులు, గాలాల మీద వచ్చే కేంద్ర పన్నుని రాష్ట్రాలకి పంచేటప్పుడు కూడా డబ్బు కట్టి లైసెన్స్ తీసుకున్నవాళ్లు ఎంతమంది అని లెక్క చూస్తారు.

మన దగ్గర ఈ ముచ్చటే లేదు. మా దాదా నల్లమల అంచుల్లో తీతర్ పిట్టల షికారుకి వెళ్లేవాడని దాదీ చెప్పేది. 1972 చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తర్వాత షికారు లైసెన్స్ అనే మాటే మన దేశంలో పోయింది. అది మంచికే.

నాకు అన్నిటికంటే నచ్చింది పసిబిడ్డల లైసెన్స్. 2014లో పోతా పుట్టినప్పుడు అఖీఖాకి ఏం తోఫా ఇవ్వాలని బహస్ జరిగింది. ఆపా ఉంగరం అంది. దుల్హాభాయ్ 200 డాలర్లు కట్టి బిడ్డ పేరున జిందగీ లైసెన్స్ తీసుకున్నారు. మొదటి పుట్టినరోజు దాటితే ఆ ధర దొరకదు. రేపు వాడు ఏ టెక్సాస్‌కో నౌకరీకి వెళ్లినా ఆ లైసెన్స్ చెల్లుతుంది. ‘వాడు గాలం పడతాడో లేదో ఎవరికి తెలుసు?’ అని ఆపా ఇప్పటికీ సణుగుతుంది.

పట్టకపోయినా ఆ పైసలు వృథా పోవు. జిందగీ లైసెన్సుల సొమ్మంతా 1981లో పెట్టిన ఒక నిధిలోకి వెళ్తుంది. అసలు ముట్టుకోకూడదు, దాని మీద వచ్చేదే ఖర్చు పెట్టాలి. పిల్లల పేరున కట్టిన సొమ్ము మీద వచ్చేదైతే ఆ బిడ్డకి పదహారు నిండేదాకా తియ్యకూడదు. అంటే మా పోతా 200 డాలర్ల ఫలాన్ని 2030 దాకా ఎవరూ తాకరు.

ఇది విన్నప్పుడు నాకు వక్ఫ్ గుర్తొచ్చింది. హజ్రత్ ఉమర్ ఖైబర్ భూమి సంగతి మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. అసలు అమ్మకూడదు, వారసులకి పంచకూడదు, ఫలం మాత్రం హక్కుదారులకి చేరాలి. అక్కడిది వడ్డీ లెక్క, మనది కాదు, ఆ ఫరఖ్ ఉంది. కానీ అసలుని అసలుగా ఉంచాలన్న నియ్యత్ ఒక్కటే. ఆ నియ్యత్ మనకి దీన్‌తోపాటే వచ్చింది. అయినా మన ఊళ్లల్లో ఎన్ని దర్గా మాన్యాలు, మసీదు భూములు ఫలం సంగతి దేవుడెరుగు, అసలుతో సహా పోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్లు చేపల కోసం కాపాడుకుంటున్నంత జాగ్రత్తగా మనం యతీముల కోసం కాపాడుకున్నామా?

అక్కడ స్థిరపడ్డ మనవాళ్లింట్లో బిడ్డ పుడితే, ఏడాది నిండకముందే ఈ సంగతి కనుక్కోమనండి. ఇక్కడున్నవాళ్లు పిల్లల పుట్టిన తారీఖు బడిలో చేర్చేనాడే సరిగ్గా రాయించండి. ఒక తప్పు తారీఖు ఎప్పుడు ఇస్తుందో, ఎప్పుడు తిరిగి అడుగుతుందో తెలీదు.