మార్లవాయిలో బెట్టీ

మా కరీంనగర్ వైపు వలస అంటే పోవుడే. సిరిసిల్ల నుంచి భీవండికి, జగిత్యాల, కోరుట్ల నుంచి దుబాయికి. మా నాయనమ్మ కూడా అట్లా పోయిన మనిషే. చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో తాత సాంచెలు నడపడానికి భీవండి పోతే, చంటిపిల్లను చంకనేసుకుని వెంట నడిచింది. పద్మనగర్‌లో ఒంటిగది కాపురం. పగలు కండెలు చుట్టేది, రాత్రి బీడీలు చుట్టేది. సంతలో గీచి గీచి బేరమాడేంత మరాఠీ నేర్చింది. బతుకమ్మను మాత్రం ఏ ఏడూ విడవలేదు. తంగేడు దొరకకపోతే ఉత్త బంతిపూలతోనే పేర్చేది. "పానం పోతే నన్ను మానేరు ఒడ్డుకే తీస్కపోండ్రి" అని మాటకు ముందోసారి, వెనకోసారి అనేది. ఆ కోరిక తీరలేదు. జోరు వానలు, చేతిలో పైసల్లేవు. అక్కడే దహనం చేశారు.

ఎక్కడో పుట్టి, మన ఆదిలాబాద్ అడవిలో మట్టి కావాలని కోరుకున్న ఒకామె సంగతి విన్నప్పటి నుంచి ఆ సమాధి చూసి రావాలని మనసు పీకుతూనే ఉంది. జనవరి 11న ఆమె వర్ధంతి. ఆ రోజుకు అందేటట్టు కరీంనగర్‌లో తొలి బస్సెక్కాను.

చొప్పదండి, ధర్మారం నిద్రలోనే దాటిపోయాయి. రాయపట్నం వంతెన మీద మెలకువ వచ్చింది. కింద గోదావరి సన్నగా, ఇసుక మేటల మధ్య పారుతోంది. వంతెన దిగితే పాత ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాను నాలుగు చేశాక ఇటువైపు మంచిర్యాల పేరు వచ్చింది కానీ బస్సులో జనం నోట ఇంకా ఆదిలాబాదే. లక్షెట్టిపేట, జన్నారం దాటాక కవ్వాల్ అడవి మొదలైంది. రోడ్డుకు రెండు దిక్కులా టేకు చెట్లు. ఉట్నూరులో బస్సు మారి జైనూరు, అక్కడి నుంచి ఆటోలో మార్లవాయి. దారి పొడుగునా ఏరిన పత్తిచేలు, ఎండిన కందికట్టెలు, జొన్న.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1938లో బెట్టీ బార్నార్డో అనే ఇంగ్లిషు అమ్మాయిని పెళ్లాడాడు. నేను చూడబోయే సమాధి ఆమెదే. మరుసటి ఏడే యుద్ధం. ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు, ఆమెదేమో ఇంగ్లండు. ఆ జంటకు నిజాం రాజ్యం నీడనిచ్చింది. 1940లో జోడేఘాట్‌లో గోండుల నాయకుడు కుమ్రం భీమ్‌ను కాల్చి చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని సర్కారుకు తోచింది. ఆ పని ఈ జర్మన్ పాస్‌పోర్టు మనిషికి అప్పగించారు. మొగుడూ పెళ్లాలు మార్లవాయిలో గోండుల ఇంటిలాంటి గుడిసె వేసుకుని కాపురం పెట్టారు. 1943లో అక్కడే గోండు యువకులకు పంతుళ్ల శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు అచ్చయ్యాయి. వేల ఎకరాలకు పట్టాలు వచ్చాయి.

ఇదంతా చెప్పేటప్పుడు అందరూ ఆయన పేరే ఎత్తుతారు. నాకు అది సరిగా అనిపించదు. గుడిసెలో ఆయనతోపాటు బతికింది ఆమె. పాపికొండల రెడ్ల మీద ఆయన రాసిన పుస్తకంలో ఆమె సహకారం ఉందని ముఖపత్రం మీదే ఉంది. 1979లో గోండుల మీద వచ్చిన పుస్తకానికి ఇద్దరూ రచయితలే. దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథసూచిని ఆమె ఒక్కతే తయారుచేసింది. కొడుకు పుడితే గోండులు మార్లవాయి పటేల్ పేరు మీద లచ్చు పటేల్ అని పిలుచుకున్నారు. లండన్‌లో స్థిరపడ్డాక కూడా ఇద్దరూ మళ్లీ మళ్లీ వచ్చిపోయేవారు. 1987లో హైదరాబాద్‌లో ఆమె ప్రాణం పోయింది. కోరుకున్నట్టే మార్లవాయికి తెచ్చి పూడ్చారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. ఆయన అస్థికలు 2012లో ఇక్కడికి చేరాయి, ఆమె పక్కకే.

హైమెన్‌డార్ఫ్ వర్ధంతి అని అందరూ అనే ఈ జనవరి 11 నిజానికి బెట్టీ పోయిన రోజు. తేదీ ఆమెది, పేరు ఆయనది. ఊరు మాత్రం ఇద్దరికీ కలిపే మొక్కుతుంది.

నేను చేరేసరికి తుడుం మోగుతోంది. తెల్ల రుమాళ్లు చుట్టుకున్న పెద్దమనుషులు సమాధుల మీద నీళ్లు చల్లి, బంతిపూలు పెట్టి, వంగి "రాం రాం" అంటున్నారు. కాళ్లకు గజ్జెలు కట్టుకున్న కుర్రాళ్లు ఓ పక్కన నిలబడ్డారు. గోండుల గుస్సాడీ ఆటకు పద్మశ్రీ తెచ్చిన కనక రాజుది ఈ ఊరే. ఆయన 2024లో పోయినా ఆట ఆగలేదు.

బంతిపూలు చూడగానే నాయనమ్మ కళ్లముందు మెదిలింది. కళ్లు తుడుచుకుంటుంటే పక్కనున్న ముసలామె భుజం మీద చెయ్యి వేసింది. ముంజేతుల నిండా పాత పచ్చబొట్లు, రంగు వెలిసి ఆకుపచ్చగా.

"నీ వాళ్లెవరన్న పోయిండ్రా బిడ్డా?"

చెప్పాను. భీవండి, కండెలు, మానేరు, అన్నీ. మధ్యలో ఒక్క మాటా అడ్డు వెయ్యకుండా విన్నది.

"మరి ఆడ మీ మనుషులున్నరా?"

"మా చిన్నాయన పిల్లలున్నరు. పెత్రమాసకు ఆమె పేరు మీద బియ్యం ఇస్తరు. వాళ్ల పిల్లలు ఆడనే పుట్టిండ్రు."

"ఇంకేంది మరి. ఆడ ఆమెకు ఊరున్నట్టే గదా" అన్నది. నా చెయ్యి పట్టుకుని వంటలు చేస్తున్న వైపు నడిపించింది. జొన్నరొట్టె, పప్పు. "కడుపు నిండ తిను. జైనూరు ఆటో పోతే మల్ల పొద్దుగూకేదాక దొరకదు."