పాత కెమెరా... కోఠి గల్లీ... ఆరు వేల బడ్జెట్!

కోఠికి వెళ్లి 'కెమెరా' అని అడిగి చూడండి. పదిమందిలో తొమ్మిది మంది సీసీటీవీ చూపిస్తారు. "ఇంటికా సార్, షాపుకా? ఎన్ని కావాలి?" అంటారు. గుజరాతీ గల్లీలోకి అడుగుపెడితే రెండు పక్కలా గోడలకు వేలాడేవన్నీ అవే. వాటి మధ్య స్పీకర్లు, వైర్ల చుట్టలు, అడాప్టర్లు. ఆ సందులోనే తోపుడు బండ్లు, హారన్ కొట్టుకుంటూ దూరిపోయే స్కూటీలు. ఫొటోలు తీసే కెమెరా అయితే ఇంకొంచెం విడమరిచి అడగాలి. "ఫొటో కెమెరా అన్నా, రిపేర్" అన్నాను. అప్పుడు ఒకాయన చాయ్ తాగుతూనే వేలు పైకి చూపించాడు. తలెత్తి చూస్తే పాత బిల్డింగు, మొదటి అంతస్తు, రంగు వెలిసిన చిన్న బోర్డు.

నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా ఆఫీసులో ల్యాప్‌టాప్ కొంచెం మొరాయిస్తే చాలు, టికెట్ పెట్టి కొత్తది తెచ్చుకుంటాం. అలాంటి చోటు నుంచి కోఠి దాకా రావడానికి ఒక కారణం ఉంది.

మామ కెమెరా

నల్గొండలో మా మేనమామకు చిన్న స్టూడియో ఉండేది. మా చుట్టాల్లో పాతికేళ్లుగా ఏ పెళ్లి జరిగినా ఫొటోలు ఆయనవే. కరోనా రెండో వేవ్‌లో ఆయన పోయాడు. స్టూడియో షట్టర్ దించేశారు, లైట్లు, బ్యాక్‌గ్రౌండ్ తెరలు అమ్మేశారు. ఒక్క కెమెరా మాత్రం అత్తమ్మ ఎవరికీ ఇవ్వలేదు. నికాన్ డి90, దాంతో వచ్చిన 18-105 లెన్స్. మూడేళ్లకు పైగా బీరువాలో చీరల మధ్య ఉంది.

మొన్న మరదలి నిశ్చితార్థం ఖాయమైంది. అత్తమ్మ ఫోన్ చేసి, "ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడినం గానీ, మీ మామ కెమెరాతోని నువ్వొక నాలుగు ఫొటోలు తియ్యాలె బిడ్డా" అంది. ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. మా తమ్ముడు కెమెరా తీసుకుని బస్సెక్కాడు. దారిలో ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర పైనున్న బ్యాగు ధడేల్‌మని కింద పడింది. నా దగ్గరికి వచ్చేసరికి బాడీ ఒక ముక్క, లెన్స్ ఒక ముక్క. నిశ్చితార్థం ఇంకా పన్నెండు రోజులు.

లెక్కలు మొదలు

ఇంటి లోన్ ఈఎంఐ, తమ్ముడి ఫీజు పోను ఆ నెల నేను పెట్టగలిగింది 6 వేలు. ముందు ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. ఏసీ హాలు, టోకెన్ నంబరు. రెండు రోజుల తర్వాత ఎస్టిమేట్ వచ్చింది. 14 వేలు, ప్లస్ జీఎస్టీ. "దీనికంటే ఇంకొంచెం వేసుకుని వేరేది తీసుకోవడం బెటర్ సార్" అని సలహా కూడా ఇచ్చారు.

వాళ్ల లెక్క తప్పని అనను. పాత వస్తువు రిపేరు ఖర్చు దాని ఇప్పటి ధరను దాటితే మార్చేయడమే మేలని ఎవరైనా చెబుతారు. సెకండ్ హ్యాండ్‌లో ఇదే మోడల్ బాడీ వెతికితే 8, 9 వేలు చెబుతున్నారు. రోజు అద్దెకు తీసుకుంటే ఇంకా చవక. ఫోన్ ఎలాగూ జేబులోనే ఉంది. కానీ ఇవేవీ అత్తమ్మ అడిగినదానికి జవాబు కావు. ఆమె అడిగింది ఫొటో ఒక్కటే కాదు కదా.

ఈ అయోమయంలో ఉంటే ఆఫీసులో సెక్యూరిటీ అన్న తేల్చేశాడు. "గవన్నీ ఎందుకు సార్? కోఠి పోండ్రి."

రెసిడెన్సీ పక్క గల్లీలు

కోఠి అంటే పెద్ద భవనం అని అర్థం. ఆ పేరుకు తగ్గ భవనం ఇప్పటికీ అక్కడుంది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ అది. తర్వాత కోఠి ఉమెన్స్ కాలేజీగా పేరుపడి, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం అయింది. దాని చుట్టూ పెరిగిన బజారే నేటి సుల్తాన్ బజార్. ఒకప్పుడు రెసిడెన్సీ బజార్ అనేవారు. పాత పుస్తకాలు, స్టీలు సామాను, చీరలు, ఎలక్ట్రానిక్స్... గల్లీకో సరుకు.

హైదరాబాద్‌కు, ఫొటోకు ఉన్న బంధం కూడా పాతదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ పేరు మీరు వినే ఉంటారు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు, 1905లో చనిపోయాడు. ఆయన రూర్కీలో చదివిన ఇంజినీరు అని తెలిసినప్పుడు నాకు కొంచెం గర్వంగా అనిపించింది. మేం కోడ్ రాసే ఇంజినీర్లమే అనుకోండి, అయినా!

చాచా టేబుల్

ఇరుకు మెట్లెక్కితే పది అడుగుల గది. ఒక టేబుల్, వంగే మెడ ఉన్న లైటు, గోడకు వరసగా చనిపోయిన కెమెరాలు. రీలు కెమెరాలు, డిజిటల్‌వి, పెద్ద వీడియో కెమెరాలు. "బైఠో బేటా" అన్నాడు అరవై దాటిన పెద్దాయన. అందరూ చాచా అనే పిలుస్తున్నారు, నేనూ అలాగే పిలిచాను.

లెన్స్ తిప్పి వెనక భాగం చూశాడు. బాడీకి తగిలించే చోట మూడు రెక్కలుంటాయి. ఒకటి పూర్తిగా విరిగింది, ఇంకోటి చిట్లింది. ఆ రింగు ప్లాస్టిక్‌ది. బాడీ వైపున్న రింగు మాత్రం లోహమే, దానిమీద గీత కూడా పడలేదు.

"ప్లాస్టిక్ అని అందరు తిడ్తరు. గిది ఇరిగింది కాబట్టే లోపల బచాయించింది. గట్టిదైతే దెబ్బ సీదా అద్దాలకు, బాడీకి పోవు" అన్నాడు.

కరెంటు ఎక్కువైతే ముందు ఫ్యూజు పోయినట్టన్నమాట. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివినా విరిగిన ప్లాస్టిక్ ముక్కను నేనెప్పుడూ అలా చూడలేదు.

సొరుగు లాగాడు. చిన్న చిన్న డబ్బాల్లో స్క్రూలు, స్ప్రింగులు, పనికిరాని లెన్స్‌ల నుంచి విప్పిన భాగాలు. స్క్రూడ్రైవర్లు కూడా వేరేవి. జపాన్ కెమెరాల స్క్రూ తలలు జపాన్ ప్రమాణంతో ఉంటాయి. మన దగ్గర దొరికే మామూలు స్టార్ డ్రైవర్ పెట్టి బలంగా తిప్పితే గాడి అరిగిపోతుంది. "యూట్యూబ్ చూసి ఇంట్ల ఇప్పుతరు, సగం ఇప్పినంక నా తానకు తెస్తరు" అని నవ్వాడు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఫ్లాష్ కోసం కెమెరా లోపల కెపాసిటర్ ఉంటుంది. బ్యాటరీ తీసేసినా అందులో వందల వోల్టుల చార్జ్ మిగిలి ఉండొచ్చు. కాబట్టి ఇంట్లో విప్పే పని పెట్టుకోకండి.

కొత్త రింగు 600, పని 800, మొత్తం 1,400. గంటన్నర పడుతుందన్నాడు. నేను కదలకుండా చూస్తూ కూర్చున్నాను. స్క్రూలు తీసి, ఏది ఎక్కడిదో తెలిసేలా తెల్లకాగితం మీద వరసగా పెట్టాడు. కరెంటు కనెక్షన్ల పట్టీని పాత రింగు నుంచి విడదీసి కొత్తదానికి బిగించాడు. పక్కనున్న సన్నటి మీటను వేలి చివరతో కదిపి చూశాడు. లెన్స్ కన్ను ఎంత తెరుచుకోవాలో ఆ మీటే నిర్ణయిస్తుంది. కింద పడిన లెన్స్‌లో అది వంగిపోతే ఫొటోలు తెల్లగానో నల్లగానో వస్తాయి.

బిగించాక బ్యాటరీ పెట్టి ఆన్ చేశాడు. టక్. మామ స్టూడియోలో విన్న శబ్దమే. గోడకు అంటించిన న్యూస్ పేపర్‌ను ఫొటో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూశాడు. లెన్స్ ఒకపక్కకు ఒరిగి కూర్చుంటే అక్షరాలు ఒక మూల అలుక్కుపోతాయట. మాకు కుడి అంచున, పూర్తిగా జూమ్ చేసినప్పుడు మాత్రమే, కొద్దిగా మసక వచ్చింది. చాచా దాచలేదు. "ఆల్బమ్‌కు చాలు. ఫ్లెక్సీకి చాలదు. ఇంకా సరిచెయ్యాలంటే నీ పైసలు దండుగ" అన్నాడు.

71 వేల క్లిక్కులు

ఆ తర్వాత జరిగింది నేను ఊహించనిది. "షట్టర్ ఎంత నడిచిందో చూసినవా?" అని అడిగాడు. ఈ కెమెరాలో తీసిన ఫొటో ఫైల్ లోపల, అది ఎన్నో క్లిక్కో నమోదవుతుంది. ఆయన పాత కంప్యూటర్‌లో కార్డు పెట్టి చూపించాడు. 71,426.

ఈ మోడల్ 2008లో వచ్చింది. దీని షట్టర్‌ను లక్ష క్లిక్కుల వరకు పరీక్షించామని కంపెనీ చెప్పింది. ఆ లెక్కన ఇంకా జీవితం ఉన్నట్టే. చాచా చెప్పదలుచుకున్నది అదే. నాకు మాత్రం ఆ అంకె ఇంకోలా కనిపించింది. అన్నిసార్లు మా మామ "ఇటు చూడండి... నవ్వాలె" అన్నాడు. ఎన్ని తలంబ్రాలు, ఎన్ని అప్పగింతలు, ఎన్ని పాస్‌పోర్ట్ సైజు ముఖాలు! అందులో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంది కదా.

కొత్తది కొంటే ఆ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఇది 71,427 నుంచి మొదలవుతుంది. 14 వేల ఎస్టిమేట్‌కు, 1,400 బిల్లుకు మధ్య నేను వెతుకుతున్న జవాబు అదేనేమో.

మిగిలిన డబ్బుతో

చేతిలో ఇంకా 4,600. పాత బ్యాటరీ ఉబ్బింది, కొత్తది 700. పక్క షాపులో సెకండ్ హ్యాండ్ 50 ఎంఎం లెన్స్, పాత డి రకం, 3,500కి దొరికింది. ఇక్కడొక కిటుకుంది. ఆ లెన్స్‌లో ఫోకస్ మోటార్ ఉండదు. డి90 బాడీలోనే మోటార్ ఉంది కాబట్టి పనిచేస్తుంది. అదే కంపెనీ డి3100, డి5200 లాంటి వాటికి తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. మీ బాడీ ఏదో చూసుకోకుండా చవకని కొనేయకండి.

కొనేముందు ఇంకో నాలుగు పరీక్షలు అక్కడికక్కడే చేసుకోవచ్చు. లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి, సాలెగూడులా దారాలు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్ల నుంచి వచ్చిన లెన్స్ అయితే ఇంకా జాగ్రత్త, తేమకు అది తొందరగా పడుతుంది. ఎఫ్ 16 పెట్టి తెల్ల గోడను తీయండి, సెన్సర్ మీది దుమ్ము నల్లచుక్కలై బయటపడుతుంది. ఫ్లాష్ వేయండి. అన్ని బటన్లూ నొక్కండి. షాపువాళ్లు విసుక్కుంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయడమే.

వెళ్లాలనుకుంటే

మెట్రోలో మియాపూర్-ఎల్బీనగర్ లైన్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్, జేబీఎస్-ఎంజీబీఎస్ లైన్‌లో సుల్తాన్ బజార్ స్టేషన్ దగ్గర. రెండింటి నుంచీ నడకే. కారు తీసుకెళ్లకండి, పెట్టే చోటు కోసమే గంట పోతుంది. పదకొండు దాటాక వెళ్లండి. ఆదివారం వద్దు, చాలా షట్టర్లు దించే ఉంటాయి. పని ఇచ్చేముందు ఏం పోయింది, ఏం మారుస్తారు, పాత భాగం తిరిగి ఇస్తారా అని మూడూ అడగండి. కుదిరితే ఎదురుగా కూర్చుని చేయించుకోండి. ఆకలేస్తే గోకుల్ చాట్ ఉండనే ఉంది.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆలస్యం చేయకండి. చాచా కొడుకు ఈ పని నేర్చుకోలేదు, కింద గల్లీలో సీసీటీవీలు బిగిస్తాడు. "రోజుకు నాలుగు ఇండ్లు చేస్తడు. నా తానకు వారానికి నలుగురు వస్తరు" అన్నాడు ఆయన, ఫిర్యాదులా కాకుండా మామూలుగా. ఆ సొరుగులో ఏ డబ్బాలో ఏ స్క్రూ ఉందో తెలిసింది ఆ రెండు చేతులకే. మీ ఇంట్లో అటక మీదో, బీరువాలోనో పాడైన కెమెరా ఉంటే ఈ వారమే దింపి, దుమ్ము దులిపి, ఆ మెట్లెక్కండి.