అత్తమ్మతో 'దాసి' చూసిన ఆదివారం

నెలకో ఆదివారం మా కాశిబుగ్గలో సినిమా వేస్తారని ఇదివరకే చెప్పాను కదా. ఈసారి ఆ సినిమా మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది. రాయాలా వద్దా అని మూడు వారాలు ఆలోచించాను. చివరికి అత్తమ్మనే అడిగితే, "పేర్లు రాయకు. తక్కినయి రాసుకో" అన్నది. అందుకే రాస్తున్నా.

మొదటిసారి వింటున్నవాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మా గల్లీ చివర ఒక సంఘం హాలు ఉంది. పిల్లల పుట్టినరోజులకూ, పదో రోజు భోజనాలకూ, ఎన్నికలప్పుడు మీటింగులకూ అదే దిక్కు. రెండేళ్ల కింద ఒక రిటైర్డ్ లెక్చరర్ సారు, నలుగురు కాలేజీ పిల్లలు, ఒక ఫొటో స్టూడియో తమ్ముడు కలిసి అక్కడ సినిమాలు వేయడం మొదలుపెట్టారు. కొత్తవి కాదు. చూసినంక మనిషిని కాసేపు కుదురుగా ఉండనియ్యని సినిమాలు. ప్రొజెక్టర్ స్టూడియో తమ్ముడిది, పెళ్లిళ్లకు కిరాయికి ఇచ్చేది. తెర అంటే తెల్ల దుప్పటి. మొదట్లో తెచ్చిన దుప్పటికి నడిమిట్ల కుట్టు ఉండేది. ఎంత అందమైన హీరోయిన్ వచ్చినా ముఖం మీద నిలువునా ఒక గీత. తర్వాత కుట్టు లేనిది కొన్నారు. ఇంటికి ఇరవై రూపాయలు, చాయ్ ఖర్చుకు. నెలకో ఇల్లు ఆ దుప్పటి ఉతకాలి.

మొదట్లో రాత్రి ఏడు గంటలకు వేసేవాళ్లు. ఏడు గంటలకు మనం ఎక్కడుంటామో మీకు చెప్పక్కరలేదు. ఆరు నెలలు మగవాళ్లే చూశారు. ఆడవాళ్లకు ఇట్లాంటివి నచ్చవని వాళ్లలో వాళ్లే తీర్మానం కూడా చేసుకున్నారు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి పనికి పోయే ఒక అక్క ఒకరోజు హాలు ముందర ఆగి, "పగటీలి ఏస్తే మేం రామా సారూ?" అని అడిగింది. అంతే, మూడు గంటలకు మారింది. ఆ నెల హాల్లో నలభై మంది ఆడవాళ్లం ఉన్నాం. కుర్చీలు చాలక పెద్దవాళ్లు జంపఖానాలు తెచ్చుకున్నారు.

ఇంకో తిప్పలు భాష. శ్యామ్ బెనెగల్ 'మంథన్' వేసిన రోజు, నాకు హిందీ వచ్చని ఎవరో చెప్పేసరికి మైకు నా చేతికిచ్చారు. అప్పటి నుంచి వేరే భాష సినిమా వస్తే కథ చెప్పే పని నాదే. 'మంథన్' 1976లో వచ్చింది. గుజరాత్‌లో 5 లక్షల మంది పాల రైతులు తలా 2 రూపాయలు వేసుకుని తీయించిన సినిమా. ఆ మాట చెప్పగానే హాలంతా ఒక్కసారి "ఆఁ" అన్నది. రెండు రూపాయలు మనకు తెలిసిన లెక్క. సినిమా అయ్యాక మా పొదుపు సంఘం ఆడవాళ్లు అరగంట మాట్లాడుకున్నారు. పాల గురించి కాదు, వాళ్ల గ్రూపు పాసుబుక్కు ఆర్నెల్ల నుంచి ఎవరి బీరువాలో ఉందో దాని గురించి. 'పథేర్ పాంచాలి'కి మాత్రం నా మైకు అక్కరలేకపోయింది. సర్వజయ ఆ ముసలి ఆడబిడ్డను ఇంట్లోంచి వెళ్లగొట్టే చోట అత్తలందరూ కోడళ్ల దిక్కు చూశారు, కోడళ్లం ఎటో చూశాం.

చాయ్ తాగేటప్పుడు లెక్చరర్ సారు పాత ముచ్చట్లు చెప్తారు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వాళ్లు కలకత్తాలో ఫిల్మ్ సొసైటీ పెట్టినప్పుడు రాయ్ ఇంకా ఒక్క సినిమా కూడా తీయలేదట. 1959లో దేశంలోని సొసైటీలు కలిసి ఫెడరేషన్ అయ్యాయి. తర్వాత్తర్వాత మన తెలంగాణ పట్నాలకూ ఆ గాలి సోకింది. కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ పేరు, వారాల ఆనంద్ గారి పేరు సారు నోట చాలాసార్లు వింటాం. అప్పట్లో సినిమా అంటే 16 ఎం.ఎం. రీళ్ల డబ్బాలు, పూణేలోని ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి తెప్పించుకునేవాళ్లట. రీలు మార్చే సందులో వాదన మొదలైతే, కొత్త రీలు ఎక్కించాక కూడా ఆగకపోయేదట. ఇప్పుడు అదంతా స్టూడియో తమ్ముడి షర్టు జేబులో ఒక పెన్‌డ్రైవ్.

అత్తమ్మ మొదటిసారి వచ్చింది 'మా భూమి'కి. 1979 నాటి సినిమా, గౌతమ్ ఘోష్ దర్శకుడు, నిర్మాతల్లో బి. నర్సింగరావు గారు ఒకరు. తెర మీద గద్దర్ కనిపించి పాట ఎత్తుకోగానే హాలు హాలంతా గొంతు కలిపింది. అత్తమ్మ కూడా చప్పట్లు కొట్టింది. ఆ ధైర్యంతోనే 'దాసి'కి రమ్మన్నాను. "అదే నర్సింగరావు గారు తీసిందత్తమ్మా, మనోళ్ల భాషే" అని.

'దాసి' 1988 సినిమా. ఆ ఏడాదికి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ తెలుగు సినిమాగా ఒకటి, నటనకు అర్చనకు, కెమెరాకు ఏ.కె. బీర్‌కు, కళకు తోట వైకుంఠం గారికి, దుస్తులకు సుదర్శన్ గారికి. ఆ చీరల కట్టు చూస్తే చివరి అవార్డు ఎందుకిచ్చారో ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. కథ 1920ల నాటి గడీలో జరుగుతుంది. దొర, దొరసాని, కమలాక్షి అనే దాసి. మాటలు చాలా తక్కువ. పని, పిలుపు, మళ్లీ పని.

సినిమాకు ముందు సారు ఆడబాపల గురించి చెప్పారు. దొరల ఇండ్లల్లో పిల్లకు పెళ్లి చేసి పంపేటప్పుడు సామాన్లతో పాటు ఒక ఆడపిల్లను కూడా పంపేవాళ్లు. ఆ పిల్లే ఆడబాప. జీతం లేదు, పెళ్లి లేదు, దొర పిలిస్తే కాదనే నోరు లేదు. సారు చెప్తుంటే నేను అత్తమ్మ దిక్కు చూడలేదు. చూడాలని నాకేం తెలుసు?

సినిమా మొదలైన కాసేపటికి అత్తమ్మ నా చెవి దగ్గర, "ఈ పిల్ల నడిస్తే చప్పుడైతాంది" అన్నది.

"ఏంటత్తమ్మా?"

"గడీల నడిస్తే చప్పుడు గావద్దు."

ఎక్కడో విన్నదేమో అనుకున్నాను. కమలాక్షికి నెల తప్పుతుంది. గడీలో ఆ కడుపు నిలవనియ్యరు. ఆ చోటికి వచ్చేసరికి అత్తమ్మ లేచి వెళ్లిపోయింది. ఆమె చెప్పులు చేత పట్టుకుని నేనూ బయటికి ఉరికాను. హాలు మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. "ఇంటికి పోదాం పా" అన్నది.

ఆ తర్వాత హాల్లో గంటసేపు చర్చ జరిగిందట. మా పక్కింటి డిగ్రీ పిల్ల చెప్పింది, భూస్వామ్యం అనే మాట పదిహేడుసార్లు వచ్చిందని. ఆడవాళ్లెవరైనా మాట్లాడండమ్మా అని సారు అడిగితే ఎవరూ లేవలేదట.

ఆ రాత్రి వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అత్తమ్మ చెప్పింది. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. పుట్టిల్లు జనగామ దిక్కు ఒక పల్లె. వాళ్లమ్మకు ఒక అక్క. తొమ్మిదేళ్లప్పుడు ఆమెను ఒక దొరబిడ్డతో పాటు అత్తగారి గడీకి పంపారు. పోలీసు యాక్షన్ అయిన తర్వాత ఆ దొరలు హైదరాబాదు వెళ్లిపోతూ ఆమెను వదిలేసి పోయారు. నడుచుకుంటూ చెల్లె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అప్పటికి ముప్పై ఏళ్లుంటాయేమో, సరిగా ఎవరికీ తెలియదు.

"పెద్దమ్మ మంచం మీద కూసోంగ నేనెన్నడు చూడలే. గడప కాడనే కూసునేది, అందరం తిన్నంకనే తినేది. ఎవ్వలన్న 'ఏమే' అన్నరంటె చాలు, నిద్రల ఉన్నా లేసి నిలవడేది. వెనుక నుంచి వస్తే మాకు తెల్వకపోయేది, చప్పుడే ఉండదు. దయ్యం పెద్దమ్మ అని ఉరికేటోళ్లం. పిల్లలం గద, నవ్వేటోళ్లం."

నేను చిక్కుడుకాయలు వలవడం ఆపేశాను. అత్తమ్మ ఆపలేదు.

"మా చిన్న చెల్లె పుట్టినప్పుడు మంత్రసాని ఇంట్లకు రాంగనే పెద్దమ్మ బయటికి ఉరికింది. రాత్రిదాక దొరకలే. చెరువు కట్ట కాడ కూసున్నది. పిచ్చిది అన్నరు అందరు. ఊళ్లె గొడ్రాలనేటోళ్లు. నా పెండ్లప్పుడు ఒడిబియ్యం పోస్తాంటె మా అమ్మ ఆమెను పెరట్ల ఉండుమన్నది. నన్ను సాకింది ఆమెనే బిడ్డా. తలకు పోసింది, జడేసింది, అన్నం పెట్టింది. పెరట్ల కెల్లి తొంగి చూసింది. నేను మొఖం తిప్పుకున్న."

కొంచెం ఆగి, "ఇయ్యాల ఆ సినిమాల చూసిన. గదే అయ్యుంటది గద? ఎవ్వలు చెప్పలే. మేం అడగలే" అన్నది.

అయ్యుంటుందో లేదో నేనెట్లా చెప్పను? అడుగుదామంటే ఆ పెద్దమ్మ పోయి నలభై ఏళ్లు దాటింది. 'దాసి' రావడానికి ఏడెనిమిదేళ్ల ముందే పోయిందట. ఫొటో కూడా లేదు.

పడుకునేటప్పుడు మా ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడు ఇవన్నీ తవ్వుకోవడం ఎందుకు? పిల్లకు సంబంధాలు చూస్తున్నం" అన్నారు. మా పాపకు ఇరవై మూడు. ఆయన చెడ్డమనిషి కాదు, అంట్లు తోమిపెట్టే మనిషి. కానీ సంబంధం అనే మాట వచ్చేసరికి మనందరికీ ఎక్కడో ఒక తలుపు మూసుకుంటుంది కదా. పక్క గదిలోంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "మా పెద్దమ్మ నీ బిడ్డ సంబంధానికి అడ్డమొస్తదారా? రాదు తియ్యి. పెరట్లనే ఉంటది."

ఆయన లైటు తీసేశారు.

ఇక్కడ ఒకటి చెప్పకపోతే నేను సగమే రాసినట్టు. మా తోటికోడలు హైదరాబాద్‌లో ఉంటుంది. పెళ్లయి పదకొండేళ్లు. పిల్లలు లేరు. పండుగలకు వచ్చినప్పుడల్లా అత్తమ్మ నోటి నుంచి ఒక మాట జారేది. నేరుగా అనదు, పక్కింటి కోడలి గురించి మాట్లాడుతూ అంటుంది. ఎవరింట్లోనైనా శ్రీమంతం ఉంటే నన్ను తీసుకుపోయి, చెల్లెను ఇంటికి కాపలా ఉండమనేది. ఆ పిల్ల తలవంచుకుని గిన్నెలు సర్దుకునేది. నేనెప్పుడూ నోరు విప్పలేదు. నిజం చెప్పాలంటే, ఇద్దరు పిల్లల తల్లినని ఆ ఇంట్లో నాకు కొంచెం ఎత్తు పీట దొరికేది. ఆ పీట మీద హాయిగానే కూర్చున్నాను. పదకొండేళ్లు.

పోయిన వారం మా ఆడబిడ్డకు ఒడిబియ్యం పెట్టుకున్నాం. అయిదేళ్లకోసారి పుట్టింట్లో పోసేది. మా మరిది, తోటికోడలు ముందురోజు రాత్రే వచ్చారు. పొద్దున్న పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, చీర అన్నీ సర్ది, పీట వేసి, ఆడబిడ్డను కూర్చోబెట్టాం. అలవాటు ప్రకారం మా తోటికోడలు వంటింటి తలుపు దగ్గరే నిలబడింది. నేను పళ్లెం అందుకోబోయాను.

"నువ్వాగు" అన్నది అత్తమ్మ నాతో. వంటింటి దిక్కు తిరిగి, "రా బిడ్డా. నువ్వు పోస్తెనే మొదలు" అన్నది.

తోటికోడలు కదల్లేదు. తనను కాదేమో అన్నట్టు వెనక్కి చూసింది. వెనకాల గ్యాస్ సిలిండర్ తప్ప ఎవరూ లేరు. అత్తమ్మే లేచి వెళ్లి చేయి పట్టుకుని తీసుకొచ్చింది. వరసకు మా చిన్నత్త ఒకామె, "అదేందక్కా, ఆనవాయితీ..." అని మొదలుపెట్టింది. అత్తమ్మ వినిపించుకోలేదు. చెల్లె దోసిలి పట్టింది. చేతులు వణికి సగం బియ్యం చాప మీద పడ్డాయి. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా ఆడబిడ్డ మాత్రం కొంగు ఇంకొంచెం వెడల్పు చేసి పట్టింది. "మంచిగ పొయ్యి వదినె, నిదానంగ" అన్నది. అయిదు దోసిళ్లూ పోసింది.

మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి అంతా చూశారు. సంబంధాల మాట మళ్లీ ఎత్తలేదు. ఒప్పుకున్నారని కాదు, ఎత్తలేదు అంతే. రేపు నిజంగా ఎవరైనా వచ్చి అడిగితే ఏమంటారో నాకు తెలియదు. తోటికోడలితో నేను ఇంకా మాట్లాడలేదు. ఏమని మొదలుపెట్టాలో తోచక, పోయేటప్పుడు మామిడికాయ పచ్చడి సీసా ఒకటికి రెండు పెట్టాను.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక అత్తమ్మ అడిగింది, "వచ్చే నెల ఏం సినిమా?" అని.

"'నిశాంత్' అనుకుంటున్నరత్తమ్మా. అది కూడా దొరల కథే."

"వద్దు. ఈ నెలకు చాలు. నవ్వొచ్చేది ఏదన్న ఎయ్యమను."

సారుకు ఫోన్ చేసి చెప్పాను. కాలేజీ పిల్లలు చాప్లిన్ 'మోడరన్ టైమ్స్' అన్నారట, 1936 నాటిది. అందులో మిషన్లు ఉంటాయని చెప్తే అత్తమ్మ ఒప్పుకుంది. మా మామయ్య ఆజంజాహి మిల్లు కార్మికుడు. ఆ మిల్లు 1934లో మొదలై 2002లో పూర్తిగా మూతపడింది. మగ్గం చప్పుడుకు చెవులు మొద్దుబారి ఆయన ఇంట్లో కూడా గట్టిగట్టిగా మాట్లాడేవారట. "ఆయన అడుగు ఇంట్ల పడ్డదంటె మొత్తం గల్లీకి తెలిసేది" అని నవ్వింది అత్తమ్మ. చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ సినిమాలో మాటలు తక్కువ కాబట్టి నా మైకుతో కూడా పెద్ద పని ఉండదు.

ఈ నెల తెర ఉతికే వంతు మాది. అత్తమ్మ రాత్రే దుప్పటిని సబ్బు నీళ్లలో నానబెట్టింది.