కాన్సస్ సిటీలో టికెట్టు లేని ప్రయాణం

మిస్సోరీ నదికి దగ్గర్లో, రివర్ మార్కెట్ పేటలో స్ట్రీట్‌కార్ ఎక్కితే టికెట్టు అడిగేవారుండరు. ఈ బండికి అసలు టికెట్టే లేదు. 1857 నుంచి సంత జరుగుతున్న సిటీ మార్కెట్ పక్కనుంచే అది వెళ్తుంది. కూరగాయల సంచీలు, పిల్లల బళ్లు, సైకిళ్లు అన్నీ నేలకు సమంగా ఉన్న తలుపుల్లోంచి నేరుగా లోపలికి వచ్చేస్తాయి. చుట్టూ ఉన్న ఎర్ర ఇటుకల పాత గిడ్డంగుల్లో ఇప్పుడు మనుషులు కాపురముంటున్నారు. అమెరికాలో కారు లేనిదే గడప దాటలేమన్న మాట వినీ వినీ ఉన్న మనకు ఈ దృశ్యం ఆశ్చర్యమే. కానీ ఈ ఊరు నేర్పే పాఠం పట్టాల గురించి కాదు, ఆ పట్టాలకు డబ్బు ఎవరు కట్టారన్న దాని గురించి.

ఒకప్పుడు ఈ ఊరి నిండా ట్రాములుండేవి. 1957లో చివరి ట్రాము ఆగిపోయింది. ఫ్రీవేలు డౌన్‌టౌన్‌ను నాలుగు వైపులా చుట్టేశాయి, జనం శివార్లకు తరలిపోయారు, ఖాళీ అయిన స్థలాలు పార్కింగ్ లాట్లయ్యాయి. మళ్లీ పట్టాలు వేయడానికి ఊరు ఎంచుకున్న దారి వేరు. 2012లో, బండి నడవాల్సిన మెయిన్ స్ట్రీట్ చుట్టుపక్కల ప్రాంతాన్ని ఒక ప్రత్యేక రవాణా జిల్లాగా గుర్తించి, అక్కడి ఓటర్లను అడిగారు. ఆ హద్దుల్లోని దుకాణాల్లో అమ్మకాల మీద అదనపు పన్ను, ఆస్తుల మీద మరో పన్ను వేసుకోవడానికి వాళ్లు ఒప్పుకున్నారు. బండి వల్ల ఎవరి స్థలం విలువ పెరుగుతుందో వాళ్లే ఖర్చులో పెద్ద వాటా మోయాలి, ఎక్కేవాళ్లు ఊరికే ఎక్కాలి. ఇదీ ఒప్పందం. సుమారు 10 కోట్ల డాలర్లతో, రెండు మైళ్లకు కాస్త పైగా ఉన్న తొలి లైను 2016 మేలో మొదలైంది.

లైబ్రరీ స్టాపులో దిగి ఒక వీధి పడమరకు నడిస్తే ఈ పునరుద్ధరణ తీరు కంటికి కనబడుతుంది. పాత బ్యాంకు భవనంలోకి 2004లో కేంద్ర గ్రంథాలయం వచ్చి చేరింది. దాని పార్కింగ్ కట్టడం గోడ మొత్తం ఒక పుస్తకాల అలమర! రెండంతస్తుల ఎత్తున్న పుస్తకాల వీపులు వరసగా నిలబడి ఉంటాయి. దక్షిణంగా సాగితే పవర్ అండ్ లైట్ వినోద ప్రాంతం, గ్యాలరీల క్రాస్‌రోడ్స్, ఆపైన 1914 నాటి యూనియన్ స్టేషన్. శిథిలమవుతున్న ఈ స్టేషన్‌ను బాగుచేయడానికి 1996లో మిస్సోరీ, కాన్సస్ రెండు రాష్ట్రాల్లోని కౌంటీల ఓటర్లు తమ మీద తామే పన్ను వేసుకున్నారు. తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఓవర్‌ల్యాండ్ పార్క్, ఒలేతె పట్టణాలున్న కాన్సస్ వైపు జాన్సన్ కౌంటీ కూడా అందులో ఉంది. స్టేషనైనా, బండైనా, నిలబెట్టింది తమదనుకున్నవాళ్లు పెట్టిన డబ్బే.

ఊరు కోలుకోవడానికి బండే కారణమన్న మాటను కాదనేవారి వాదనలో బలం లేకపోలేదు. డౌన్‌టౌన్ కోలుకోవడం బండికంటే ముందే మొదలైందంటారు. నిజమే. పెద్ద అరీనా 2007లోనే తెరిచారు, కౌఫ్‌మన్ కళాకేంద్రం 2011లో వచ్చింది. పవర్ అండ్ లైట్ అప్పుల భారంలో ఏటా నగర ఖజానా వాటా పెట్టాల్సి వచ్చింది, కొత్త అపార్ట్‌మెంట్ టవర్లకు రాయితీలూ అందాయి. అందుకే కట్టడాలన్నిటి ఘనతనూ పట్టాలకు కట్టబెట్టకూడదు. అయితే విడివిడిగా లేచిన భవనాలను ఒకే వీధిగా కలిపింది మాత్రం ఈ బండే. అరీనా దగ్గర మనిషి ఆట చూసి కారెక్కి వెళ్లిపోతాడు. స్ట్రీట్‌కార్ దిగిన మనిషి నడుస్తాడు, నడిచేవాడి కంటికే దుకాణం కనిపిస్తుంది. అదే పని బస్సు చవకగా చేయదా అంటే, ఊళ్లను కలపడానికి బస్సు చాలు. కానీ బస్సు దారిని రేపు మార్చేయవచ్చు, పట్టాల్ని మార్చలేరు. ఇల్లు కట్టేవాడు డబ్బు పెట్టేది ఆ భరోసాను చూసే.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఊరి తూర్పు వైపు నుంచి వస్తుంది. ట్రూస్ట్ అవెన్యూ ఈ ఊళ్లో దశాబ్దాలుగా తెల్లవారికీ నల్లవారికీ మధ్య గీత. ఇళ్ల అమ్మకాల్లో పెట్టిన జాతి షరతులు, అప్పులివ్వని బ్యాంకులు, బడుల హద్దులు ఆ గీతను గీశాయి. 2014 ఆగస్టులో స్ట్రీట్‌కార్‌ను తూర్పుకూ విస్తరించే ప్రతిపాదన ఓటింగులో ఓడిపోయింది. ఆదాయం తక్కువున్న చోట అదనపు పన్ను ఇంటి మీద బరువవుతుంది. మెయిన్ స్ట్రీట్‌కు కలిసొచ్చిన సూత్రమే తూర్పున ఎదురుతిరిగింది. చివరికి 2025 అక్టోబరులో, సుమారు 35 కోట్ల డాలర్లతో, మూడున్నర మైళ్ల పొడిగింపు మెయిన్ స్ట్రీట్ వెంబడే కళా మ్యూజియంలను, ప్లాజా అనే దుకాణాల పేటను దాటి విశ్వవిద్యాలయం వరకు తెరుచుకుంది. అక్కడినుంచి ట్రూస్ట్ ఎంతో దూరం లేదు, కానీ పట్టాలు అటు తిరగలేదు.

అందుకని ఈ విధానాన్ని వదిలేయాలా? వద్దు. విలువ పెరిగినవాడు కట్టడం న్యాయం, ఎక్కేవాడికి ఉచితం కావడం అంతకంటే న్యాయం. తప్పంతా ఆ న్యాయాన్ని జిల్లా హద్దు దగ్గరే ఆపేయడంలో ఉంది. తూర్పున ట్రూస్ట్, ప్రాస్పెక్ట్ వీధుల్లో నడిచే మ్యాక్స్ అనే బస్సులు, పనికి వెళ్లే వేలమందికి రోజూ కావలసినవి. 2020లో బస్సులనూ ఉచితం చేసిన ఈ ఊరు, డబ్బు కటకటతో మళ్లీ ఛార్జీల మాట ఎత్తింది. డౌన్‌టౌన్ టవర్లకు ఇచ్చే రాయితీలు సబబే అయినప్పుడు, ప్రాస్పెక్ట్ బస్సుకు ఇచ్చే డబ్బు ఖర్చెలా అవుతుంది? మెయిన్ స్ట్రీట్ మీద పెరిగిన సంపదలో ఒక వంతును చట్టప్రకారం తూర్పు బస్సులకు కేటాయించాలి. డౌన్‌టౌన్‌ను నిలబెట్టుకోవడం చేతనైన ఊరికి ఈ పని అసాధ్యం కాదు. అప్పుడే దీన్ని ఒక వీధి బాగుపడటం అనకుండా, ఊరు బాగుపడటం అనగలం.